అమ్మను అడిగేదెవరు?

మన పాఠశాలలలో పిల్లల చేత వ్రాయించే వ్యాసాలలో ‘అమ్మ’ అన్న విషయం తరచుగా కనిపిస్తుంది. ఎవరు వ్రాసినా ఆ వ్యాసం నడిచే దారి ఒక్కటే. తల్లి నవమాసాలు మోసింది. తాను పస్తుండి బిడ్డకు పెట్టింది. ఆమె ఋణం తీర్చుకోవడం ఎవరి తరమూ కాదు. కనుక ఆమె ప్రత్యక్షదైవం. తరగతిలోని నలభై కాగితాలలోనూ ఈ నాలుగు మాటలే ఉంటాయి. ఉపాధ్యాయుడు అక్షరదోషాలు దిద్ది, మార్కులు వేసి, కట్ట పక్కన పెడతాడు. వ్రాసిన పిల్లవాడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, ‘ఇంత ఆలస్యమయిందేమిరా?’ అని తల్లి అడిగితే విసుక్కుంటాడు. వ్యాసంలోని తల్లి వేరు, గుమ్మంలో నిలుచున్న తల్లి వేరు.

ఈ ఇద్దరు తల్లుల మధ్యనున్న దూరాన్ని గురించి మనం ఆలోచించేది తక్కువ. మన కథలలోను, మన చలనచిత్రాలలోను కొడుకులు సాధారణంగా రెండే రకాలు. తల్లిదండ్రులను కావడిలో మోసుకుపోయే శ్రవణకుమారుడు ఒకడు. ఇల్లాలి మాట విని తల్లిని వీధిలోకి నెట్టే కృతఘ్నుడు మరొకడు. మొదటివాడిని చూసి చేతులు జోడిస్తాము, రెండవవాడిని చూసి పళ్లు కొరుకుతాము. నిజానికి మనలో చాలామంది ఈ ఇద్దరిలో ఎవరమూ కాము. తల్లి మీద ప్రేమ ఉన్నది. ఆమె ప్రశ్నల మీద విసుగూ ఉన్నది. ఆమెను చూడాలని ఉంటుంది; చూసిన రెండవనాటికే తిరిగి వెళ్లిపోవాలనీ ఉంటుంది. ఈ మధ్యరకపు కొడుకు కథను, ఏ ఆర్భాటమూ లేకుండా, ఎవరి మీదా తీర్పు చెప్పకుండా చూపిన చిత్రం ఒకటున్నది. 1956లో సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ చిత్రం ‘అపరాజితో’ అది. ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి చూడవలసిన చిత్రాలలో దానికి ముందువరుసలో చోటివ్వవలసి ఉన్నదని మా అభిప్రాయం.

ఆ చిత్రానికి మూలం విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవలలు. ‘పథేర్ పాంచాలీ’ 1929లోను, ‘అపరాజితో’ 1932లోను పుస్తకరూపంలో వెలువడినవి. ఆ రచయిత జీవితంలో పెద్దభాగం బడిపంతులుగా గడిపిన మనిషి. పల్లెటూరి పిల్లవాడి కళ్లు పుస్తకం ముందు ఎట్లా వెలుగుతాయో, ఆ వెలుగు అతనిని ఇంటికి ఎంత దూరం తీసుకుపోతుందో తరగతిగదిలో నిలబడి చూసినవాడు. రాయ్ మొదటి చిత్రం ‘పథేర్ పాంచాలీ’ 1955లో వచ్చింది. మూడవ భాగం ‘అపూర్ సంసార్’ 1959లో వచ్చింది. నడుమ వచ్చిన ‘అపరాజితో’ తల్లి సర్బజయకు, కొడుకు అపుకు మధ్య నడిచే కథ. రాయ్ కూడా రెండేళ్లు దాటిన వయసులోనే తండ్రిని పోగొట్టుకొని, తల్లి సుప్రభ పెంపకంలో పెద్దవాడయ్యాడు. తల్లీ కొడుకుల అనుబంధం ఎట్లాంటిదో అతనికి ఎవరూ చెప్పవలసినది కాదు.

కథ కాశీలో, 1920లో మొదలవుతుంది. కూతురు దుర్గ చనిపోయిన తరువాత బెంగాలు పల్లెను వదలి వచ్చిన ఆ కుటుంబానికి గంగాతీరంలో పురాణం చెప్పే హరిహరుని సంపాదనే ఆధారం. అతడు జబ్బుపడి చనిపోతాడు. సర్బజయ ఒక ధనికుల ఇంట వంటమనిషిగా చేరుతుంది. ఆ ఇంట్లో తన కొడుకు యజమానికి ఊడిగం చేయడం ఒకనాడు ఆమె కంట పడుతుంది. ఆమె ఏమీ అనదు. మరుదృశ్యంలో తల్లీ కొడుకులు రైలులో ఉంటారు. కొడుకు ఒకరి గుమ్మంలో సేవకుడుగా పెరగకూడదని ఆ నిరుపేద తల్లి చేసుకున్న నిశ్చయమది. తరువాతి కథకంతటికీ బీజం ఇక్కడే పడింది. కొడుకు తలయెత్తుకొని బ్రతకాలని ముందుగా కోరినది తల్లియే. తలయెత్తినవాడు దూరపు దిక్కులు చూడక మానడని ఆమెకు అప్పుడు తోచలేదు.

బెంగాలులోని మనసాపోత అనే పల్లెలో వృద్ధబంధువు ఒకాయన వారికి ఆశ్రయమిస్తాడు. బ్రాహ్మణబాలుడు కనుక అపు పౌరోహిత్యం నేర్చుకుంటాడు. బడికి పరుగెత్తే పిల్లలను చూసి తల్లిని అడుగుతాడు: తానూ చదువుకుంటానని. ప్రొద్దున పూజలు, తరువాత బడి అన్న ఏర్పాటుతో ఆమె ఒప్పుకుంటుంది. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు పద్యం చదివి మెప్పించిన ఈ పిల్లవాడిలోని తెలివిని ప్రధానోపాధ్యాయుడు గుర్తిస్తాడు. మారుమూల పల్లెలో ఉన్నంత మాత్రాన మనసు కూడా మారుమూలనే ఉండనక్కరలేదని చెప్పి, పుస్తకాలు చేతికిస్తాడు: ధ్రువప్రాంతాల యాత్రలు, ఆఫ్రికా అన్వేషణలు, శాస్త్రజ్ఞుల జీవితాలు. పుస్తకంలో ఆఫ్రికాను చూసినవాడు ఊరుకోడు. ఒంటికి రంగు పూసుకొని ‘ఆఫ్రికా, ఆఫ్రికా’ అని కేకలు వేస్తూ పొలాల వెంట పరుగెత్తుతాడు. తల్లి చూసి నవ్వుతుంది. ఆ కేకలో తన ఇంటినుండి వెళ్లిపోయే అడుగుల చప్పుడు ఆమెకు వినబడలేదు.

అపు పరీక్షలో జిల్లాకంతటికీ రెండవవాడుగా వస్తాడు. నెలకు పది రూపాయల విద్యార్థివేతనం లభిస్తుంది. కలకత్తా వెళ్లి చదువుకోవచ్చు. ప్రధానోపాధ్యాయుడు ఇచ్చిన చిన్న భూగోళాన్ని చేతబట్టుకొని వచ్చి, ఇదేమిటో తెలుసా, ఇది మన ప్రపంచమని తల్లికి చూపిస్తాడు. ఆ ఉత్సాహంలోనే తన ప్రయాణం మాట చెబుతాడు. తల్లి మొగం మారిపోతుంది. తండ్రులనాటి పౌరోహిత్యం ఉండగా పరాయిఊరు ఎందుకంటుంది; తనను ఎవరు చూస్తారంటుంది. మాటకు మాట పెరుగుతుంది. కొడుకు చెంప మీద ఒక దెబ్బ పడుతుంది. అతడు వెళ్లిపోతాడు. కొంతసేపటికి ఆమెయే వెదుక్కుంటూ వెళ్లి బుజ్జగించి తీసుకువచ్చి, పైసా పైసా కూడబెట్టిన డబ్బు తీసి చూపుతుంది. కలకత్తా ఖర్చుకు అది సరిపోతుందా అన్నదే ఇప్పుడు ఆమెకున్న సందేహం.

ఈ దృశ్యాన్ని ఉపాధ్యాయులు జాగ్రత్తగా గమనించవలసి ఉన్నది. ఇంకొక చిత్రంలో అయితే తల్లి కన్నీరుమున్నీరుగా విలపించేది. కొడుకు ఆమె కాళ్ల మీద పడేవాడు. వాద్యాలన్నీ ఒక్కసారి మ్రోగేవి. ఇక్కడ అట్లాంటిదేమీ జరుగదు. కొట్టిన చేతితోనే డబ్బు తీసి ఇచ్చింది తల్లి. ఆమె అడ్డుపడినదీ ప్రేమవల్లనే, దారి వదలినదీ ప్రేమవల్లనే. ఒకే మనిషిలో ఒకే గంటలో ఈ రెండూ ఉండగలవని దర్శకుడు చూపించాడు, చూపించి ఊరుకున్నాడు. బయలుదేరేనాడు కొడుకు చూస్తున్నంతసేపు ఆమె మొగం మీద చిరునవ్వు నిలుస్తుంది. అతడు వెనుదిరిగి దారిన పడగానే ఆ నవ్వు వాడిపోతుంది. సర్బజయ పాత్ర ధరించిన కరుణా బెనర్జీ అంతకుముందు రంగస్థలం మీద నటించినదే కాని, ‘పథేర్ పాంచాలీ’కి ముందు సినిమాలలో కనిపించలేదు. బహుశా అందువల్లనే ఆమె ఏడుపును అమ్మలేదు. ఆపుకున్న ఏడుపును మాత్రమే చూపగలిగింది.

కలకత్తాలో అపు పగలు కాలేజీలో చదువుతాడు. రాత్రి ముద్రణాలయంలో పని చేస్తాడు. నిద్ర చాలక తరగతిలో కునికి అధ్యాపకునికి దొరికిపోతాడు. సెలవులకు ఇంటికి వస్తే, నెలల తరబడి ఎదురుచూసిన తల్లికి మాట్లాడాలని ఉంటుంది. అతనికి పుస్తకం చదువుకోవాలని ఉంటుంది. పట్నంలో ఏమేమి చూశావంటే ముక్తసరిగా నాలుగు పేర్లు చెబుతాడు. ఆ రాత్రి ఆమె, చేతిలోని పని చూసుకుంటూ, మెల్లగా తన మనసులోని మాట బయట పెడుతుంది. ఉద్యోగం వచ్చాక నన్ను నీ దగ్గర ఉంచుకుంటావా? నాకేదైనా పెద్ద జబ్బు చేస్తే, నీ సంపాదనతో వైద్యం చేయిస్తావా? సమాధానం రాదు. తిరిగి చూస్తే కొడుకు నిద్రపోయి ఉంటాడు.

చిత్రంలోకెల్లా గొప్ప ఘట్టం ఏదని అడిగితే మేము దీనినే చూపుతాము. ఇందులో కొడుకు చేసిన నేరమేమున్నది? రాత్రుళ్లు పని చేసి అలసిన పదహారేళ్ల పిల్లవాడు ఇంటికి వచ్చి, తల్లి దగ్గర కనుక, నిశ్చింతగా నిద్రపోయాడు. తల్లి తప్పేమున్నది? జీవితంలో ఒక్క ప్రశ్న అడిగింది. ‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అని మనకొక సామెత ఉన్నది. బిడ్డలు అడుగుతారు, అమ్మ పెడుతుంది. లోకధర్మం అట్లా నడుస్తున్నది. కాని ఆ అమ్మను, నీకేమి కావాలమ్మా అని అడిగేదెవరు? ఎవరూ అడగరు కనుక ఆమెయే ఒకనాటి రాత్రి ధైర్యం చేసి అడుగుతుంది. అప్పటికి కొడుకు నిద్రలో ఉంటాడు. ఆమె మళ్లీ అడగదు. అతనికి, తనను ఒక ప్రశ్న అడిగినట్లే తెలియదు.

మరునాటి ఘట్టం కూడా ఇంత సున్నితమైనదే. పెందలాడే లేపమని చెప్పి పడుకున్న కొడుకును లేపడానికి తల్లికి చేయి రాదు. ఆలస్యంగా లేచిన అపు ఆమె మీద కోపపడి, హడావిడిగా స్టేషనుకు పోతాడు. రైలు ఇంకా రాలేదు. కూర్చుంటాడు. రైలు వస్తుంది. లేచి, ఒక క్షణం తటపటాయించి, ఎక్కకుండా ఇంటిదారి పడతాడు. రైలు తప్పిపోయిందమ్మా అని అబద్ధం చెబుతాడు. ఆ తల్లి మొగం మీది వెలుగును మాటలలో చెప్పబోవడం వృథా. తల్లి లేపకపోవడం ఒక చిన్న మోసం. కొడుకు రైలు తప్పిందనడం ఒక చిన్న అబద్ధం. నేరుగా ‘ఇంకొక్కరోజు ఉండు నాయనా’ అని ఆమె అనలేదు. ‘ఉండాలని ఉన్నదమ్మా’ అని అతడనలేదు. ఇద్దరి ప్రేమా నిజమే. ఆ నిజాన్ని చెప్పుకోవడానికి మాత్రం ఇద్దరికీ అబద్ధమే దారి అయింది.

ఇంతకంటె మనకు తెలిసిన విషయం వేరొకటి ఉన్నదా? మన ఇళ్లలో తల్లీ కొడుకులు ప్రేమను ప్రేమ అని చెప్పుకోరు. ‘తిన్నావా?’ అని ఆమె అడుగుతుంది. ‘తిన్నాను’ అని అతడంటాడు. ఊరికి పోయేవాడి సంచిలో ఊరగాయ జాడీ పెడుతుంది, ఎందుకీ బరువని అతడు గొణుగుతాడు, గొణుగుతూనే మోసుకుపోతాడు. ఆ జాడీలో ఉన్నది మామిడిముక్కలు మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు. ఇందులో ఒక అందం ఉన్నమాట నిజమే. కాని ఈ మూగభాషకు ఒక హద్దు ఉన్నది. బ్రతుకు సాఫీగా సాగుతున్నంతవరకు ఆ భాష చాలుతుంది. కష్టం వచ్చిననాడు చాలదు. ‘అపరాజితో’ చివరిభాగం ఆ చాలకపోవడాన్ని గురించినదే.

సర్బజయకు జబ్బు చేస్తుంది. ఇరుగుపొరుగువారు కొడుకుకు ఉత్తరం వ్రాయిస్తామంటే వద్దంటుంది. చదువు పాడవుతుందంటుంది. అతడు పరీక్షలున్నవి, రాలేనని వ్రాసి కొంచెం డబ్బు పంపుతాడు. ఆమె ఇంటి ముందరి చెట్టు క్రింద కూర్చుని దూరాన పోయే రైలును చూస్తుంది. ఆ పల్లెకు వచ్చిన క్రొత్తలో రైలుకూత విని పరుగెత్తిన పిల్లవాడిని చూసి సంతోషించిన తల్లియే ఈమె. ఆ రైలే కొడుకును తీసుకుపోయింది. ఏనాటికయినా తిరిగి తెస్తే అదే తేవాలి. ఒకరాత్రి ‘అమ్మా’ అన్న పిలుపు వినబడినట్లయి తలుపు తెరుస్తుంది. ఎవరూ లేరు. చెరువుగట్టున మిణుగురులు మాత్రం మినుకుమినుకుమంటున్నవి. ఆమె మరణాన్ని దర్శకుడు చూపలేదు. కబురందుకొని వచ్చిన అపు ఇల్లంతా వెదుకుతాడు. వృద్ధబంధువు మొగం చూసి గ్రహిస్తాడు. చెట్టు మొదట కూర్చుని ఏడుస్తాడు. తరువాత తన మూట కట్టుకుంటాడు. ఉండిపొమ్మని, తల్లి కర్మ చేయవలసి ఉన్నదని ఆ వృద్ధుడు చెబితే, కలకత్తాలో కాళీఘాటు వద్ద చేస్తానని చెప్పి దారిన పడతాడు. చిత్రం అక్కడ ముగుస్తుంది.

మూలనవలలో ఇంతకంటె సాహసమైన మాట ఒకటున్నది. తల్లి పోయిందని విన్న తొలిక్షణంలో అపుకు దుఃఖం కంటె ముందు ఒక విధమైన విడుదల తోచిందనీ, వెంటనే తన మీద తనకే భయం కలిగిందనీ రచయిత వ్రాశాడు. రాయ్‌ను ఈ కథవైపు ఆకర్షించినది ఈ మాటయేనని అతడు చెప్పుకున్నాడు. మనలో ఎందరు రచయితలు ఈ మాట వ్రాయడానికి ధైర్యం చేస్తారు? వ్రాస్తే ఎందరు పాఠకులు సహిస్తారు? బెంగాలు ప్రేక్షకులే సహించలేదు. చిత్రం విడుదలయిననాడు అక్కడ ఆదరణ పొందలేదు. తల్లీ కొడుకులను అట్లా చూపడం చాలమందికి కష్టమనిపించింది. 1957లో వెనిస్ చలనచిత్రోత్సవంలో స్వర్ణసింహం లభించిన తరువాతనే దాని విలువ లోకానికి తెలిసింది. మృణాల్ సేన్, ఋత్విక్ ఘటక్ వంటి దర్శకులు దీనిని ‘పథేర్ పాంచాలీ’ కంటె కూడ ఉన్నతమైనదిగా ఎంచారు.

చిత్రానికి ఈ శక్తి ఎక్కడినుండి వచ్చినది? ముఖ్యంగా అణకువనుండి. కాశీలోని ఇల్లు నిజానికి కలకత్తా స్టూడియోలో వేసిన కట్టడం. దాని నడుమ ముంగిటిలోకి పైనుండి దిగే పగటివెలుతురును తేవడానికి ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర దీపాలను నేరుగా మనుష్యుల మీదికి త్రిప్పకుండా, పైన పరచిన తెల్లని బట్ట మీదికి త్రిప్పాడు. అక్కడినుండి చెదరి పడే వెలుతురులో చిత్రం తీశాడు. అందువల్ల మొగాల మీద నాటకీయమైన నీడలు లేవు. మన పెరటిలో మధ్యాహ్నం మూడుగంటల వేళ ఉండే వెలుతురు ఉన్నది. రవిశంకర్ సంగీతం కూడా ఏడవండి అని మనకు ఆజ్ఞ ఇవ్వదు. కథ చెప్పే పద్ధతియే కథలోని నీతి. మెల్లగా మాట్లాడే ఇద్దరు మనుష్యుల బాధను కేకలు వేసి చెబితే అది అబద్ధమవుతుంది.

ఇక తీర్పు మాట. అపు కృతఘ్నుడా? సర్బజయ స్వార్థపరురాలా? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు రెండు పక్షాలవుతారు. రెండు పక్షాలకూ ఆధారాలు దొరుకుతవి. కాని ఆ వాదం చిత్రంలో ఉన్నదానికంటె చిన్నది. పెరిగిన కొడుకు ఇల్లు వదలక తప్పదు. వదలకపోతే తల్లి పడిన కష్టానికే అర్థం లేదు. ఒంటరి తల్లికి ఆ ఎడబాటు భరించరానిది. భరించరానిదని ఆమె అనడంలో అన్యాయం లేదు. రెండూ న్యాయమే అయినప్పుడు ఘర్షణ తప్పదు. తప్పనిది ఘర్షణయే కాని మౌనం కాదు. కొడుకు కలకత్తాకు పోవడం తప్పు కాదు. తల్లికి జబ్బన్న సంగతి అతనికి తెలియకపోవడం తప్పు. ఆ తప్పులో పెద్దపాలు తల్లిదే. ఈ మాట వ్రాయడానికి మాకు కష్టంగానే ఉన్నది. అయినా వ్రాయక తప్పదు.

ఎందుకంటే ఆ తప్పును మనం తెలుగునాట త్యాగమని పిలుస్తున్నాము. ‘వాడికి చెప్పకండి, పరీక్షలున్నవి’ అన్న మాట వినని ఇల్లు మన ఉభయరాష్ట్రాలలో ఉన్నదా? పదవతరగతి దాటగానే బిడ్డలను పెద్దపట్నాలలోని వసతిగృహాలకు పంపుతున్నాము. ఆ తరువాత ఇంకా దూరపు నగరాలకు, సముద్రాల ఆవలకు పంపుతున్నాము. తండ్రికి గుండెనొప్పి వస్తే చెప్పము. తల్లికి శస్త్రచికిత్స జరిగితే, ఇంటికి వచ్చాక మెల్లగా చెబుతాము. అమ్మమ్మ పోయిన సంగతి పరీక్ష వ్రాసి బయటికి వచ్చాక చెబుతాము. మంచి మనసుతోనే చేస్తాము. కాని, కష్టంలో పాలు పంచుకొనే హక్కు బిడ్డకు లేకుండా చేస్తున్నామని తలచము. ఆ రోజు తెలిసి ఉంటే వెళ్లేవాడనే అన్న మాటను మోస్తూ బ్రతకడం, ఒక పరీక్ష తప్పడం కంటె తేలికయినదేమీ కాదు. కొడుకు దుఃఖాన్ని తప్పించబోయి, ఎన్నటికీ తీరని దుఃఖాన్ని అతనికి ఆస్తిగా వదలిపెట్టింది సర్బజయ.

అపు కాలంలో ఉత్తరం రావడానికి రోజులు పట్టేది. నేడు ప్రతి చేతిలోను ఫోను ఉన్నది; ఖండాంతరాలలో ఉన్న కొడుకు మొగం తల్లి అరచేతిలో కనబడుతున్నది. అయినా ఆ సంభాషణ ఎట్లా ఉన్నది? ‘తిన్నావా?’ ‘తిన్నాను.’ ‘ఆరోగ్యం బాగున్నదా?’ ‘బాగున్నది.’ దూరం తగ్గింది, మౌనం తగ్గలేదు. తల్లి మాట్లాడుతుండగా కొడుకు కళ్లు వేరొక తెర మీద ఉంటే అది అపు నిద్ర కాక మరేమిటి? అతడు అలసి నిద్రపోయాడు. మనం మెలకువగా ఉండి నిద్రపోతున్నాము.

ఉపాధ్యాయుల విషయం కూడ ఇక్కడ ఆలోచింపదగినది. ‘అపరాజితో’లోని ప్రధానోపాధ్యాయుడు ఆదర్శగురువు. పల్లెటూరి పిల్లవాడి చేతిలో భూగోళం పెట్టాడు. అటువంటి ఉపాధ్యాయుడు ఒక్కడు దొరికినా పిల్లవాడి అదృష్టం పండినట్లే. కాని ఆ భూగోళం ఇంటికి చేరిననాడు ఆ ఇంట ఏమి జరిగిందో అతనికి తెలియదు. మనం కూడా తెలివిగల విద్యార్థిని పై చదువులకు ప్రోత్సహిస్తాము. దరఖాస్తులు వ్రాసి పెడతాము. మన చేతి డబ్బు ఇస్తాము. అంతటితో మన ధర్మం తీరినదనుకుంటాము. ఆ పిల్లవాడి తల్లిని ఒకసారి పాఠశాలకు పిలిచి, వాడెక్కడికి పోతున్నాడో, ఏమి చదువుతాడో, ఎప్పుడెప్పుడు రాగలడో ఆమెకు తెలిసే మాటలలో చెబుతున్నామా? చదువు కొడుకుకు మాత్రమే ప్రపంచాన్ని చూపించి తల్లిని చీకటిలో ఉంచితే, ఆ వెలుతురు వారిద్దరి మధ్య గోడ అవుతుంది. ఆడపిల్లల విషయంలో ఈ గోడ ఇంకా ఎత్తయినది. పంపడానికే భయపడే తల్లికి పంపిన తరువాత ఆదుర్దా ఎంత ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థులకు మేము చెప్పదలచిన మాట ఒక్కటే. తల్లి మీద విసుగు వచ్చినంత మాత్రాన మీరు పాపులు కారు. పెరిగే మనసుకు ఇల్లు ఇరుకుగా తోచడం ప్రకృతి. అపు మంచివాడే, అతనికీ అట్లాగే తోచింది. కాని ఆ విసుగుకు సిగ్గుపడి తల్లికి దూరంగా తొలగిపోవడమే ప్రమాదం. ఆమెను దేవతగా చేసి పీఠమెక్కించడం కూడ తొలగిపోవడంలో ఒక పద్ధతియే. దేవతకు దండం పెడతారు కాని, నీకు ఒంట్లో ఎట్లా ఉన్నదని ఎవరూ అడగరు. ఆమె దేవత కాదు. నడుమునొప్పి, భయాలు, చిన్న చిన్న కోరికలు ఉన్న మనిషి. మీవలెనే ఆమెకూ ఒకనాడు పదహారేళ్లుండినవి. ఆనాడు ఆమె ఏమి చదువుకోవాలనుకున్నదో, ఎక్కడికి వెళ్లాలనుకున్నదో మీరెన్నడైనా అడిగారా?

అందుచేత ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి ‘అమ్మ’ను గురించి వ్యాసం వ్రాయించవలసి వచ్చినప్పుడు, ఆ విషయాన్ని కొంచెం మార్చి ఇవ్వండి. ‘అమ్మను నేనడిగిన ఒక ప్రశ్న, ఆమె ఇచ్చిన సమాధానం’ అని వ్రాయమనండి. నలభై కాగితాలలో నలభై రకాల తల్లులు కనబడతారు. అక్షరదోషాలు దిద్దవలసిన ఎర్రసిరా కొన్ని చోట్ల కాగితం మీద ఆడకపోవచ్చు. వీలయితే పై తరగతుల వారికి ఈ చిత్రాన్ని కూడ చూపండి. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ మూడు చిత్రాల మూలప్రతులు కాలి చెడిపోయినవి. మిగిలినవాటిని ఇటలీలోని బొలోన్యా నగరంలో ఎంతో శ్రమతో బాగుచేయగా, 2015లో అవి మళ్లీ వెలుతురు చూసినవి. కాలిన చిత్రాన్ని కూడ ఓపిక ఉంటే బాగు చేసుకోవచ్చునన్నమాట. అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నను బాగు చేయడానికి మాత్రం ఏ నగరంలోను పనివారు లేరు. తల్లి మెలకువగా ఉండగానే, మనమూ మెలకువగా ఉండగానే, ఆ మాట అడగవలసి ఉన్నది.